అల్లుడు తెచ్చిన మీటరు

దసరా వెళ్లిన మూడో రోజు పొద్దున చంద్రప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి దుకాణం తెరవాలి. న్యాల్‌కల్ వైపు నుంచి వచ్చే సంగయ్య ట్రాలీకి విరిగిన కొక్కెం అతకాలి. దానికి అరగంట. తొమ్మిదిన్నర బస్సుకు కొత్త అల్లుడిని, కూతురిని, భార్యను వెంటబెట్టుకుని ఝరాసంగం పోయి, దేవుణ్ణి చూసి, అక్కడే భోజనం చేసి సాయంత్రానికి ఇల్లు చేరాలి. భార్య గిరిజమ్మ అప్పటికే జొన్న రొట్టెలు, పల్లీల పొడి, వంకాయ కూర సర్ది మూట కట్టేసింది. పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

చంద్రప్పది జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు మీద వెల్డింగ్ దుకాణం. ముందు రేకుల షెడ్డు, వెనక ఇల్లు, మధ్య తలుపుకు పూల కర్టెన్. షెడ్డులో నడుమెత్తు ఇనుప డబ్బా, దాన్నిండా నూనె, నూనెలో మునిగిన రాగి చుట్లు. అదే వెల్డింగ్ మిషను. దాని నుంచి రెండు లావుపాటి కేబుళ్లు బయటికి వస్తాయి. ఒకదాని కొసకు వెల్డింగ్ రాడ్‌ను పట్టుకునే పిడి ఉంటుంది, రెండో దాని కొసకు ఒక ఇనుప దిమ్మె. అతకాల్సిన వస్తువు మీద దిమ్మెను పెట్టి రాడ్ తాకిస్తే నిప్పు పుడుతుంది. రాడ్ దారిన వచ్చిన కరెంటు దిమ్మె దారిన తిరిగి వెళ్లాలి, అంతే సంగతి. ఆ దిమ్మె ఒక పాత రైలు పట్టా ముక్క. కాళ్లు ముడుచుకుని పడుకున్న ఎద్దులా ఉంటుందని ఇంట్లో అందరూ దాన్ని బసవన్న అంటారు. పదిహేనేళ్లుగా ఆయుధ పూజ నాడు మొదటి విభూతి దానికే.

ఈ ఏడు కొత్త అల్లుడు మొదటి పండక్కి వస్తున్నాడని గిరిజమ్మ పూజను ఇంకాస్త ఘనంగా చేసింది. ఎవరిదో గేటుకు వేయగా మిగిలిన ఎర్ర ఆయిల్ పెయింట్ అర డబ్బా ఉంటే, పండక్కి నాలుగు రోజుల ముందే దుకాణం మూయించి మిషను డబ్బాకు, బల్లకు, బసవన్నకు ఒళ్లు దాచుకోకుండా రంగు వేసింది. ఆరాక విభూతి గీతలు, కుంకుమ బొట్లు, పసుపు దారం, బంతిపూలు పెట్టింది. పున్నమి దాకా ఆ అలంకారం చెరపకూడదని ఆ ఇంటి ఆనవాయితీ. పని చేసుకోవచ్చు గానీ తుడవకూడదు.

అల్లుడి పేరు మల్లికార్జున్. ఐటీఐ చదివి, పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో మోటార్లు పరీక్ష చేసే పనిలో ఉన్నాడు. పండక్కి కొత్త బట్టలతోపాటు తోలు సంచిలో ఒక మల్టీమీటరు తెచ్చుకున్నాడు. దసరా సాయంత్రం జమ్మి ఆకు పంచడానికి పోయిన ప్రతి ఇంటికీ ఆ సంచి భుజాన వేసుకునే పోయాడు. మీటరుకు ఒక ఎర్ర తీగ, ఒక నల్ల తీగ. రెంటి కొసలూ చెంచాకు ఆనిస్తే అద్దం వెనక ముల్లు ఎగిరి అటు చివరకు పోయేది. "లోపల దారి సక్కగుంటెనే ముల్లు లేస్తది. తెగితే లేవది. గంతే," అని అతను చెబుతుంటే జనం చెంచా వైపు గౌరవంగా చూశారు. ఇంటికి వచ్చాక భార్య భాగీరథి, భర్త సామాను చిందరవందరగా ఉండకూడదని ఆ తీగలను అందంగా చుట్టి, రెండు కొసలనూ ఒకచోట చేర్చి, తన తలపిన్ను ఒకటి తీసి బిగించి సంచిలో పెట్టింది.

ఎనిమిది కాకముందే ఒక ట్రాక్టరు సంగయ్య ట్రాలీని గొలుసుతో లాక్కొచ్చి షెడ్డు ముందు వదిలి, ఐదింటికి మళ్లీ వస్తానని వెళ్లిపోయింది. సంగయ్య అరవై ఏళ్ల రైతు. చేతిలో మూడు సెల్లుల టార్చి, అంగీ జేబులో మడతపెట్టిన కాగితం. అది చక్కెర ఫ్యాక్టరీ వాళ్లు ఇచ్చిన పర్మిట్. దాని మీద మర్నాటి తేదీ వేసి ఉంది.

"నరికిన చెరుకు చేన్లనే పడున్నది చంద్రప్పా," అన్నాడు సంగయ్య. "రేపు పొద్దుగాల ఫ్యాక్టరీ గేటు దాటకపోతే నా నంబరు పోతది. మల్ల పదిహేను దినాలకు గాని రాదు. అందాక అది చెరుకుండదు, పొయ్యిల కట్టెలైతది."

"ఫికర్ జెయ్యకు. చాయ్ తాగేలోపల అయితది," అన్నాడు చంద్రప్ప.

స్విచ్ వేశాడు. మిషను ఎప్పటిలాగే గుయ్యిమంది. బసవన్నను రెండు చేతులా ఎత్తి, కళ్లకద్దుకుని, ట్రాలీ కొక్కెం మీద కూర్చోబెట్టాడు. రాడ్ తాకించాడు. నిప్పు లేదు, పొగ లేదు. పలక మీద బలపంతో గీసినట్టు చిన్న చప్పుడు వచ్చింది. మళ్లీ తాకించాడు. మళ్లీ అదే చప్పుడు.

ఇలాంటప్పుడు చంద్రప్పకు ఒక పద్ధతి ఉంది. ఇనుమూ ఇనుమూ ఎక్కడెక్కడ కలుస్తాయో అక్కడల్లా ఆకురాయితో నాలుగు గీతలు గీకడం. పదిహేనేళ్లలో పది సార్లకు తొమ్మిది సార్లు ఆ నాలుగు గీతలతోనే పని జరిగింది. అతను బల్ల మీది ఆకురాయి అందుకున్నాడు కూడా. అప్పుడే కర్టెన్ తప్పించుకుని మల్లికార్జున్ షెడ్డులోకి వచ్చాడు.

"ఆగున్రి మామా. గుడ్డిగ గీకుడెందుకు? మీటరున్నది గద!"

కొత్త అల్లుడు, మొదటి పండగ. వచ్చిన అల్లుడు పనిలో చెయ్యి పెడితే మామ అడ్డుపడటం ఆ కుటుంబాల్లో లేదు. చంద్రప్ప ఆకురాయిని తిరిగి బల్ల మీద పెట్టాడు. ఆ రోజు జరిగినదంతా ఆకురాయి బల్ల మీదే ఉండిపోవడం వల్ల జరిగింది.

"నువ్వే సూడు అల్లుడా," అన్నాడు.

మల్లికార్జున్ సంచి విప్పి, తీగల కొసల నుంచి తలపిన్ను తీసి జేబులో వేసుకున్నాడు. ముందు మిషనుకు కరెంటు వస్తున్నదో లేదో చూశాడు. ముల్లు టక్కున లేచి నాలుగొందల దాటి నిలబడింది. "సప్లై ఫస్ట్ క్లాస్. మీటరు గూడ ఫస్ట్ క్లాస్," అన్నాడు. సంగయ్య తల ఊపాడు. తర్వాత మల్లికార్జున్ స్విచ్ ఆపించి, మీటరు మీట తిప్పి, పిడి ఉన్న కేబులుకు అటొక కొస ఇటొక కొస ఆనించాడు. ముల్లు లేవలేదు.

"కేబులు లోపల తెగింది మామా."

పిడికి పెట్టాడు. లేవలేదు. "పిడి గూడ పోయింది." మిషను నుంచి వైర్లు ఊడదీసి లోపలి చుట్లకు పెట్టాడు. లేవలేదు. అతని ముఖంలో రంగు మారింది. "చుట్లు రెండూ తెగినయి. మొత్తం మిషనే పోయింది మామా."

"గుయ్యిమంటున్నది గద అల్లుడా?"

"తెగినంక మిగిలేది గుయ్యిమనుడే మామా."

చంద్రప్పకు అర్థం కాలేదు. అయినా "నిజమే" అన్నాడు. కొక్కెం మీద పూలు పెట్టుకుని కూర్చున్న దిమ్మె వైపు చూపించి, "బసవన్నను గూడ జర సూస్తవా?" అని అడిగాడు.

మల్లికార్జున్ నవ్వాడు. "గడ్డపార లెక్క గట్టి ఇనుము మామా. దాంట్ల తెగనీకి తీగుంటదా? దానికి మీటరు పెడితే మా ఫ్యాక్టరీల నవ్వుతరు. పైగ పూజ జేసిన దేవుడు."

ఆ మాట కర్టెన్ వెనక ఉన్న గిరిజమ్మకు ఎంతో నచ్చింది. ఆ ఇళ్లలో అత్త అల్లుడితో ఎదురుపడి మాట్లాడదు. ఏమన్నా చెప్పాలంటే కూతురి ద్వారానే చెప్పాలి. "భాగీరథీ, బస్సు యాల్లయితున్నదని మీ నాయనకు చెప్పు," అంది. భాగీరథి కర్టెన్ జరిపి చెప్పింది. చంద్రప్ప అల్లుడి వైపు చూశాడు. మల్లికార్జున్ అప్పటికే చొక్కా చేతులు మడిచేశాడు.

లోపలి చుట్లు ఎక్కడ తెగాయో కంటితో చూడాలంటే నూనె తీయాలి. ఆ నూనె పట్టే పాత్రలు షెడ్డులో లేవు. వంటింట్లోంచి రెండు ఇత్తడి బిందెలు, ఒక గంగాళం, పండక్కి పిండివంటలు వండిన మూకుడు వచ్చాయి. పాత్ర వచ్చిన ప్రతిసారీ కర్టెన్ వెనక నుంచి ఒక నిట్టూర్పు కూడా వచ్చింది. నూనె దిగాక చైన్ పుల్లీ పెట్టి చుట్ల గుండెకాయను డబ్బాలోంచి పైకి లాగి, దూలానికి వేలాడదీశారు. అది నూనె కార్చుకుంటూ మెల్లగా గుండ్రంగా తిరుగుతుంటే ముగ్గురూ దాని కింద నిలబడి చూశారు. ఎక్కడా తెగినట్టు లేదు, నల్లబడినట్టు లేదు. బయట తొమ్మిదిన్నర బస్సు హారన్ కొట్టి వెళ్లిపోయింది.

"కంటికి కనబడదు. లోలోపల కాలింది," అన్నాడు మల్లికార్జున్. కారణం ఆలోచించడానికి అతనికి రెండు నిమిషాలే పట్టింది. "పండుగ దినాలల్ల లైన్ల హైవోల్టేజీ వచ్చింది మామా. ఒక్క మిషనుకే వస్తదా? ఈ లైన్ మీద ఇంకేమున్నయి?"

ఆ లైన్ మీద పక్కనే తారాబాయి పిండి గిర్ని ఉంది. తారాబాయి భర్త పోయాక ఇరవై ఏళ్లుగా ఒంటిచేత్తో గిర్ని నడుపుతున్న మనిషి. గిర్ని చప్పుడు మీద మాట్లాడి మాట్లాడి ఆమె మామూలుగా మాట్లాడటం మరిచిపోయింది. మల్లికార్జున్ వెళ్లి గిర్ని ఆపమన్నాడు. వేరే ఎవరైనా అయితే తిట్టి పంపేది గానీ, పక్కింటి అల్లుడు. ఆపింది. అతను మోటారుకు తీగలు ఆనించాడు. ముల్లు లేవలేదు.

"మోటార్ కాలిపోయిందమ్మా."

"కాలిపోవుడేంది? గిప్పుడే తిరిగె గద!" అని కేక పెట్టింది తారాబాయి. "జొన్నలు గిర్నిల సగం పిండయినయి, సూడు!"

"తిరుగుతది. కాలినంక గూడ కొంచెం సేపు తిరుగుతది. ఇంక నడిపితే అంటుకుంటది."

అంటుకుంటదనే మాటకు వరుసలో డబ్బాలు పట్టుకున్న ఆడవాళ్లంతా నాలుగడుగులు వెనక్కి వేశారు. సగం పిండి, సగం జొన్నలతో గిర్ని బంద్ అయింది.

హైవోల్టేజీ కబురు బజారంతా పాకడానికి గంట పట్టింది. పన్నెండింటికల్లా చంద్రప్ప దుకాణం ముందు ఇస్త్రీపెట్టెలు, టేబుల్ ఫ్యాన్లు, రేడియోలు పట్టుకుని జనం నిలబడ్డారు. మల్లికార్జున్ బల్ల వేసుకుని కూర్చుని ఒక్కొక్కటీ చూశాడు. అన్నీ కాలిపోయాయి. ఒకాయన పొద్దుటి దాకా ఇంట్లో వెలిగిన బల్బు తెచ్చాడు. అదీ పోయింది. "వెలుగుతున్నది గద బిడ్డా," అంటే, "పోయిన బల్బు గూడ వెలుగుతున్నదంటే లైన్ల ఎంత వోల్టేజీ వస్తున్నదో మీరే అర్థం జేసుకోన్రి," అన్నాడు. జనం అర్థం చేసుకున్నారు. కొందరు భయపడి ఇళ్లకు పోయి మెయిన్ స్విచ్‌లు ఆపేశారు.

ఎవరో కరెంటు ఆఫీసుకు కూడా చెప్పారు. లైన్‌మన్ మాణిక్ సైకిల్ మీద వచ్చి, కాలిపోయిన వస్తువులనన్నిటినీ ఒకసారి చూసి, పోయి ఆ వీధి ఫ్యూజులు పీకి వచ్చాడు. "పెద్ద సారు వచ్చి లైన్ సూసేదాక ఎవలు స్విచ్ వెయ్యద్దు. రేపొస్తడో ఎల్లుండొస్తడో," అన్నాడు.

పొద్దుటి నుంచి ట్రాలీ చక్రం పక్కన కూర్చుని మూడు చాయ్‌లు తాగిన సంగయ్యకు ఆ మాట వినగానే భయం వేసింది. ఊళ్లో ఇంకొక వెల్డింగ్ దుకాణం ఉంది గానీ దాని యజమాని పండక్కి బీదర్ పోయాడు. సంగయ్య జేబులోంచి పర్మిట్ తీసి మడత విప్పాడు. అతనికి చదువు రాదు. అయినా తేదీ ఉన్నచోట వేలు పెట్టి చాలాసేపు చూశాడు.

"చంద్రప్పా, ఏడాది కష్టం," అన్నాడు మెల్లగా. "నాకేమన్న దారి జూపు."

పదిహేనేళ్లలో చంద్రప్ప ఎవరి బండినీ అలా వదిలేసింది లేదు. బల్ల మీది ఆకురాయి వైపు చూశాడు. బల్ల దగ్గర అల్లుడు ఎవరిదో ఇస్త్రీపెట్టె పట్టుకుని ఉన్నాడు. చూపు మరల్చుకున్నాడు.

రెండింటికి తారాబాయి వచ్చింది. గిర్ని ఆగిన దగ్గర నుంచీ ఆమె లోలోపల ఉడుకుతూనే ఉంది. వరుసను తోసుకుని వచ్చి, చేతి వెండి కడియం లాగి బల్ల మీద టప్‌మని పెట్టింది.

"మా అత్త ఇచ్చిన కడెం ఇది. పండుగ నాడు గూడ నా చేతికే ఉండె. ఇది గూడ కాలిందేమో సూడు అల్లుడా!"

అందరూ నవ్వారు. మల్లికార్జున్ కూడా నవ్వి, సరదాకే తీగల కొసలు కడియానికి అటూ ఇటూ ఆనించాడు. ముల్లు లేవలేదు. గట్టిగా నొక్కాడు. లేవలేదు. నవ్వులు ఆగిపోయాయి. తారాబాయి తన ఖాళీ చేతి వంక ఒకసారి, కడియం వంక ఒకసారి చూసుకుంది.

మాణిక్ సైకిల్‌కు స్టాండ్ వేసి వచ్చి మీటరు చేతిలోకి తీసుకున్నాడు. మధ్యలో ఏమీ లేకుండా రెండు కొసలనూ ఒకదానికొకటి తాకించాడు. ముల్లు పడుకునే ఉంది. "ఇట్ల పెడితే లేవాలె గద సార్?" అన్నాడు మర్యాదగా. వెనక మూత విప్పి లోపలి సెల్లు తీశాడు. "సెల్లు సచ్చింది. వోల్టు సూడాల్నంటే దీంతోని పని లేదు, కరెంటే ముల్లును లేపుతది. గందుకే పొద్దుగాల లేచింది. తీగ తెగిందా లేదా సూడాల్నంటే మాత్రం ఈ సెల్లే లేపాలె. మీట తిప్పకుంట, ఈ రెండు కొసలు కలిపి కట్టి పెట్టిన్రా ఏంది? గట్లైతే సెల్లు ఊకెనే అయిపోతది."

కర్టెన్ పక్కన నిలబడ్డ భాగీరథి చెయ్యి దానంతట అదే తలలోకి పోయింది. మల్లికార్జున్ అది చూశాడు. జేబులోని పిన్నును లోపలే వేళ్లతో పట్టుకున్నాడు.

"నేనే కట్టిన," అన్నాడు.

ఆ రోజు అతను ఆడిన మొదటి అబద్ధం అది. అంతకు ముందు చెప్పినవన్నీ మనస్ఫూర్తిగా నమ్మి చెప్పినవే.

మీటరులో పట్టేది టార్చి సెల్లే. సంగయ్య తన టార్చి విప్పి, పండక్కి వేసిన కొత్త సెల్లు ఒకటి ఇచ్చాడు. ముల్లు ఎగిరి అటు చివరకు కొట్టుకుంది. అక్కడి నుంచి గంటసేపు ఆ దుకాణంలో చచ్చినవన్నీ వరుసగా బతికాయి. కడియం బతికింది. గిర్ని మోటారు, రేడియోలు, ఫ్యాన్లు, బల్బు బతికాయి. పిడి, దాని కేబులు, దూలానికి వేలాడుతున్న రెండు చుట్లు కూడా నిక్షేపంగా ఉన్నాయి. జనం తమ వస్తువులు గుండెలకు హత్తుకుని పట్టుకుపోయారు. మాణిక్ ఫ్యూజులు పెట్టి వచ్చాడు. గిర్నిలో మిగిలిన సగం జొన్నలు పిండి అయ్యాయి. చుట్లను డబ్బాలోకి దించి, బిందెలు, గంగాళం, మూకుడు వంచి నూనె పోసి, వైర్లన్నీ బిగించేసరికి నాలుగున్నర దాటింది.

చంద్రప్ప స్విచ్ వేశాడు. మిషను గుయ్యిమంది. రాడ్ తాకించాడు.

పలక మీద బలపంతో గీసినట్టు చప్పుడు వచ్చింది.

సంగయ్య తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అంతా బాగుందని మీటరు చెబుతోంది, నిప్పు మాత్రం రాలేదు. పొద్దుటి కంటే ఇదే ఎక్కువ అవమానంగా ఉంది మల్లికార్జున్‌కు. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఇక చూడనిది ఒక్కటే మిగిలింది. స్విచ్ ఆపించి, బసవన్న ఉన్న కేబులును మిషను దగ్గర విప్పి, ఆ చివర ఒక కొస, బసవన్న వీపు మీద ఒక కొస పెట్టాడు.

ముల్లు లేవలేదు.

జనమంతా ఒక్కసారిగా నవ్వారు. తారాబాయి నవ్వు గిర్ని చప్పుడు మీద కూడా వినిపించింది. "మల్ల సచ్చింది సెల్లు!" అన్నారెవరో. మల్లికార్జున్ కూడా అదే అనుకున్నాడు. పొద్దుటి నుంచి ఆ మీటరు ఆడిన అబద్ధాలన్నీ నమ్మినవాళ్లు, అది నిజంగా దోషం పట్టిన ఈ ఒక్కసారి మాత్రం నమ్మలేదు. అతను సెల్లు తీసి పారేసి సంగయ్య టార్చిలోని రెండోది వేశాడు. బసవన్నకు పెట్టాడు. లేవలేదు. మూడోది వేశాడు. లేవలేదు.

"కొత్తయి సార్ అవి! మొన్ననే ఏసిన!" అన్నాడు సంగయ్య, ఖాళీ టార్చి పట్టుకుని.

మల్లికార్జున్ పళ్లు బిగించి తీగ కొసను బసవన్న వీపు మీద అటూ ఇటూ బలంగా రుద్దాడు. విభూతి గీత చెరిగింది. ఎర్ర రంగులో సన్నటి గీటు పడింది.

కర్టెన్ ఊడి వచ్చిందా అన్నంత ఊపుగా పక్కకు పోయింది. గిరిజమ్మ షెడ్డులోకి వచ్చింది. బస్సు పోయింది, రొట్టెలు ఎండిపోయాయి, బిందెలు నూనె కంపు కొడుతున్నాయి. అంతవరకు ఓర్చుకుంది. బసవన్న మీద గీటు చూసేసరికి ఆనవాయితీ మరిచిపోయింది.

"అల్లుడా! గీకకు!" అంది నేరుగా, అందరి ముందు. "ఒకటి గాదు, రెండు కోట్లేసిన! నడుములు పోయేదాక కూసోని ఏసిన! వీపుకేసిన, పక్కలకేసిన, బోర్లేసి అడుక్కు గూడ ఏసిన!"

అప్పటి దాకా తల వంచుకుని నిలబడ్డ చంద్రప్ప తల ఎత్తాడు.

"అడుక్కు గూడనా?"

"అడుక్కెయ్యకుంటే ఎట్ల? దేవునికి సగం బట్ట గట్టినట్టుండదా?"

గిర్ని కూడా అప్పుడే ఆగింది. ఆ నిశ్శబ్దంలో మాణిక్ మెల్లగా తన సైకిల్ హ్యాండిల్ మీద తల వాల్చాడు. ఎండిన ఆయిల్ పెయింట్ మీదుగా కరెంటు పోదని ఆ షెడ్డులో ఉన్నవాళ్లలో గిరిజమ్మకు తప్ప అందరికీ తెలుసు. కళ్ల ముందు ఎర్రగా కనిపిస్తున్నా అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. తిరుగు దారికి రెండు పూతల రంగు అడ్డం పడి ఉంది.

చంద్రప్ప బల్ల దగ్గరికి వెళ్లి ఆకురాయి తీసుకున్నాడు. బసవన్నను ఎత్తి, కళ్లకద్దుకుని, బోర్లించి, అడుగున నాలుగు గీతలు గీకాడు. ఎర్ర రంగు పొట్టులా రాలి, లోపలి ఇనుము తళుక్కుమంది. పైన పూలు, దారం, విభూతి అలాగే ఉన్నాయి. కేబులు బిగించి, స్విచ్ వేసి, బసవన్నను కొక్కెం మీద పెట్టి రాడ్ తాకించాడు. తెల్లటి వెలుగు షెడ్డంతా నిండింది. అందరూ ముఖాలు తిప్పుకున్నారు. సంగయ్య మాత్రం కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని వేళ్ల సందుల్లోంచి చూస్తూ నిలబడ్డాడు. అతని కళ్లలో నీళ్లు వెలుగు వల్ల వచ్చాయో, వేరే కారణం వల్ల వచ్చాయో తెలియదు.

పని సరిగ్గా అరగంటలో అయిపోయింది. ఆలోపల ట్రాక్టరు వచ్చి రోడ్డు పక్కన ఆగింది. ట్రాలీ తగిలిస్తుంటే మల్లికార్జున్ మూలకు నిలబడి తీగలు చుట్టుకుంటున్నాడు. ఆ కుర్రాడి ముఖం చూస్తే చంద్రప్పకు జాలేసింది. వెల్డింగ్ ముసుగు తీసి అందరికీ వినబడేలా అన్నాడు.

"సూసిన్రా? దోషం ఎక్కడున్నదో అల్లుని మీటరే పట్టింది. బసవన్న దగ్గర ముల్లు లేవలే. మీరే నవ్విన్రు."

మాట అబద్ధం కాదు కనుక ఎవరూ కాదనలేకపోయారు. గిరిజమ్మ అప్పటికి తాను అల్లుడితో ఎదురుపడి మాట్లాడిన సంగతి గుర్తొచ్చి, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది. కొంతసేపటికి భాగీరథి వచ్చి, రొట్టెలు వేడి చేశామని, అమ్మ అందరినీ తినమన్నదని చెప్పింది. సంగయ్య ట్రాలీ మీద నిలబడే రెండు రొట్టెలు తిని, సెల్లులు లేని టార్చి చంకలో పెట్టుకుని, పొద్దు గూకకముందే చిరాగ్‌పల్లి దాకా పోయి చెరుకు నింపే కూలీలను ఎక్కించుకోవాలని ట్రాక్టరు వాణ్ణి తొందరపెట్టాడు. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి అతని చెరుకు ఫ్యాక్టరీ గేటు దాటిందని ఆ దారిన వచ్చిన లారీ వాడెవడో కబురు చెప్పాడు. ఆ రోజంతా చంద్రప్ప హుషారుగా ఉన్నాడు.

పటాన్‌చెరు తిరిగి వెళ్లేటప్పుడు మల్లికార్జున్ తోలు సంచిని మామ చేతుల్లో పెట్టాడు. "మీ దగ్గరనే ఉండనీయిన్రి మామా. అక్కరకొస్తది," అన్నాడు. వచ్చిన అల్లుడు ఏదైనా ఇస్తే వద్దనడం కూడా ఆ కుటుంబాల్లో లేదు. చంద్రప్ప రెండు చేతులా అందుకుని, షెడ్డులో దేవుడి పటం కింద మేకుకు తగిలించాడు. పని ఆగినప్పుడల్లా దానికో దండం పెట్టి, ఆకురాయి తీసుకునేవాడు.

మరుసటి దసరాకు గిరిజమ్మ బసవన్న జోలికి పోలేదు. మిగిలిన ఎర్ర రంగంతా అల్లుడి మీటరుకు, దాని రెండు తీగల కొసల దాకా, రెండు కోట్లు వేసింది.